హాలోవీన్, బ్యాలెట్ ఒకే వారంలో: సియాటెల్ తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

సియాటెల్, బెల్వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ లాంటి కింగ్ కౌంటీ ఊళ్లలో పిల్లలతో కాపురం ఉంటున్నవాళ్ల కోసం ఈ పేజీ. ఇక్కడ అక్టోబరు చివర్లో రెండు పనులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. పిల్లల వేషాలు ఒకటి, వంటింటి గట్టు మీద విప్పకుండా పడి ఉన్న బ్యాలెట్ కవరు రెండోది. మొదటిది ఎవరూ మర్చిపోనివ్వరు. రెండోది గుర్తుచేసేవాళ్లు ఉండరు.

హాలోవీన్‌కీ స్థానిక ఎన్నికలకీ అసలు సంబంధమేంటి?

ముందుగా తేదీల సంబంధం. ఇక్కడ సాధారణ ఎన్నిక నవంబరులో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం, అంటే 2 నుంచి 8వ తేదీ లోపు. హాలోవీన్ ఎప్పుడూ అక్టోబరు 31నే. వాషింగ్టన్ రాష్ట్రంలో బ్యాలెట్లు ఎన్నికకు 18 రోజుల ముందే ఇంటికి పోస్టు చేస్తారు కాబట్టి హాలోవీన్ నాటికి మీ బ్యాలెట్ ఇంట్లో ఉండాలి. 2027నే తీసుకోండి. ఎన్నిక నవంబరు 2, బ్యాలెట్లు బయల్దేరేది అక్టోబరు 15 నాటికి, దీపావళి అక్టోబరు 29 శుక్రవారం, హాలోవీన్ ఆదివారం. సోమవారం ఆఫీసు, మంగళవారం రాత్రి 8కి గడువు. ఆ ఏడాది బ్యాలెట్‌ను దీపావళికి ముందే పూర్తిచేయకపోతే ఇక తీరిక దొరకదు.

రెండో సంబంధం వీధిది. పిల్లల చెయ్యి పట్టుకుని మిఠాయిల కోసం చీకట్లో మన పేటంతా ఇల్లిల్లూ కాలినడకన తిరిగేది ఏడాదిలో దాదాపు ఆ ఒక్క రాత్రే. ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోయిందో, ఏ దీపం వెలగడం లేదో, ఏ మలుపులో కార్లు ఆగకుండా దూసుకొస్తున్నాయో అప్పుడే కళ్లబడుతుంది. వీటిని తేల్చేది వాషింగ్టన్ డీసీ కాదు. పార్టీ గుర్తు లేకుండా గెలిచిన సిటీ కౌన్సిలే.

పార్టీల్లేని ఎన్నిక అంటే మన సర్పంచి ఎన్నికలాంటిదేనా?

చాలావరకు అంతే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు, కానీ మర్నాడు పేపర్లో ‘ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి’ అని లెక్క వేసేస్తారు. సియాటెల్‌లోనూ బ్యాలెట్ మీద పేరు పక్కన పార్టీ ఉండదు. పార్టీల స్థానిక కమిటీలు, యూనియన్లు, వ్యాపార సంఘాలు మాత్రం బాహాటంగానే మద్దతు ప్రకటిస్తాయి.

తేడా ఒకటుంది. సియాటెల్‌లో పోటీ సాధారణంగా డెమొక్రాట్, రిపబ్లికన్ల మధ్య ఉండదు. ఇద్దరూ ఒకే పార్టీ భావాలవాళ్లై ఉండి ఇళ్ల నిర్మాణం, పోలీసు బడ్జెట్, పన్నుల మీద కొట్లాడుకుంటారు. పార్టీ పేరు రాసినా మీకు పెద్దగా ఉపయోగం ఉండేది కాదు.

ఏయే పదవులు ఇలా పార్టీ లేకుండా ఉంటాయి?

మేయరు, సిటీ కౌన్సిల్, స్కూలు బోర్డు, పోర్టు కమిషన్, జడ్జీలు. కింగ్ కౌంటీ పదవుల్లో చాలావరకూ 2008లో ఓటర్లు చార్టర్ (కౌంటీ మూల నిబంధనలు) మార్చినప్పటి నుంచీ ఇంతే. శాసనసభ, గవర్నరు పోటీల్లో మాత్రం అభ్యర్థి ఏ పార్టీని ఇష్టపడుతున్నారో బ్యాలెట్ మీద అచ్చవుతుంది.

ఊరిని బట్టి ఏర్పాటు మారుతుంది, ఇక్కడే చాలామంది తికమకపడతారు. సియాటెల్ కౌన్సిల్‌లో 9 మంది. అందులో 7 మంది డిస్ట్రిక్టుల నుంచి, ఇద్దరు ఊరంతటి నుంచి. రెడ్‌మండ్‌లో మేయర్ని ఓటర్లే ఎన్నుకుంటారు. బెల్వ్యూలో అలా కాదు. ఓటర్లు కౌన్సిల్ సభ్యుల్ని ఎన్నుకుంటే, సభ్యులు తమలో ఒకర్ని మేయరుగా ఎంచుకుంటారు. రోజువారీ పాలన చూసేది సిటీ మేనేజరు. అందుకని బెల్వ్యూలో ‘మేయరుకి ఓటు ఎక్కడ’ అని బ్యాలెట్‌లో వెతక్కండి, ఉండదు.

సియాటెల్ స్కూలు బోర్డులో ఇంకో మెలిక ఉంది. ఆగస్టు ప్రైమరీలో, అంటే నవంబరుకు ముందు జరిగే వడపోత ఎన్నికలో, మీ స్కూలు డిస్ట్రిక్టు విభాగం వాళ్లే ఓటేస్తారు. అక్కడ మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్లకు నవంబరులో ఊరంతా ఓటేస్తుంది. పక్క వీధి స్నేహితురాలి బ్యాలెట్‌లో ఉన్న పేరు ఆగస్టులో మీ బ్యాలెట్‌లో లేకపోతే కంగారుపడనక్కర్లేదు.

పార్టీ పేరు లేనప్పుడు ఎవరికి వేయాలో ఎలా తేల్చుకోవాలి?

గంటన్నర పని. ఈ వరసలో చేస్తే విసుగు రాదు.

బ్యాలెట్ వచ్చే రోజుల్లోనే విడిగా పోస్టులో వచ్చే ఓటర్ల కరపుస్తకం ముందు తీయండి. అందులో అభ్యర్థుల ప్రకటనలు వాళ్లు రాసినవి రాసినట్టే వేస్తారు, నిజానిజాలు ఎవరూ సరిచూడరు. ‘మన పిల్లల భవిష్యత్తు’ లాంటి మాటలు అందరివీ ఒకేలా ఉంటాయి కాబట్టి దాటేయండి. ఎవరు బలపరిచారన్న జాబితా చదవండి, అసలు సమాచారం ఉండేది అక్కడే.

తర్వాత డబ్బు. రాష్ట్ర పబ్లిక్ డిస్‌క్లోజర్ కమిషన్ వెబ్‌సైట్‌లో అభ్యర్థి పేరు కొడితే చందాలు ఎవరిచ్చారో, పెద్ద మొత్తాలిచ్చినవాళ్లు ఎక్కడ పనిచేస్తారో తెలుస్తుంది. ఇంటికొచ్చే రంగురంగుల మెయిలర్ మీద అడుగున చిన్న అక్షరాల్లో ‘టాప్ 5 కంట్రిబ్యూటర్స్’ అని ఉందేమో చూడండి. ఉంటే దాన్ని అభ్యర్థి పంపలేదు, బయటి కమిటీ పంపిందన్నమాట. ఎదుటివాళ్లను తిట్టే మెయిలర్లలో ఎక్కువ భాగం ఇవే.

మూడోది, ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్లయితే వాళ్లు వేసిన ఓట్లు. కౌన్సిల్, బోర్డు సమావేశాల మినిట్స్, వీడియోలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. మీకు పట్టే ఒక్క విషయం ఎంచుకోండి, స్కూలు మూసివేత గానీ బస్సు గానీ. దాని మీద ఆ సభ్యులు ఏం చేశారో చూస్తే చాలు.

అన్ని గడులూ నింపాలని లేదు. తెలియని పోటీని ఖాళీగా వదిలేసినా మిగతావి లెక్కిస్తారు. పేరు బాగుందనో, అక్షరక్రమంలో ముందుందనో వేయడం కన్నా వదిలేయడమే మేలని మా అభిప్రాయం.

మేము హెచ్-1బి మీద ఉన్నాం. స్కూలు బోర్డుకైనా ఓటు వేయొచ్చా?

వేయకూడదు. ఇక్కడ ఏ స్థాయి ఎన్నికలోనైనా అమెరికా పౌరులకే ఓటు. గ్రీన్‌కార్డు ఉన్నా ఓటు లేదు. ఇది జరిమానాతో పోయే పొరపాటు కాదు. అక్రమంగా ఓటేస్తే దేశం నుంచి పంపించేయొచ్చు. పౌరుణ్నని తప్పుగా చెప్పుకున్నా, ఒక్క టిక్కు పెట్టినా, తర్వాత గ్రీన్‌కార్డు, పౌరసత్వం రెండూ చేజారవచ్చు. ఇది ఎక్కువగా జరిగేది డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో. కౌంటర్లో ఓటరుగా నమోదు చేయాలా అని అడిగితే వద్దని స్పష్టంగా చెప్పి, సంతకం పెట్టే ముందు స్క్రీన్ మీద ఏముందో చదవండి. పొరపాటున ఓటరు కార్డో బ్యాలెటో ఇంటికొస్తే వాడకండి. ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడి, ఆ తర్వాత నమోదు రద్దు చేయించుకోండి.

చందా సంగతీ తెలుసుకోవాలి. వీసాల మీద ఉన్నవాళ్లు ఏ స్థాయి అభ్యర్థికీ డబ్బు ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం. స్కూలు బోర్డుకు నిలబడ్డ పక్కింటావిడకు 5 డాలర్లిచ్చినా తప్పే. గ్రీన్‌కార్డు వాళ్లు ఇవ్వొచ్చు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయడం మాత్రం వీసా ఉన్నవాళ్లకూ తప్పు కాదు. తలుపులు తట్టొచ్చు, ఫోన్లు చేయొచ్చు. డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో నిర్ణయించే చోట మాత్రం కూర్చోకూడదు.

సియాటెల్ ఊళ్లోనే ఉండే గ్రీన్‌కార్డు వాళ్లకు ఇంకో దారి ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. డెమొక్రసీ వోచర్లని 25 డాలర్లవి నాలుగు, మొత్తం 100 డాలర్లు. 2015లో ఓటర్లు ఆమోదిస్తే 2017 నుంచి అమల్లోకి వచ్చింది. పథకంలో చేరిన అభ్యర్థికి మీ వోచరు ఇస్తే నగరం ఆ డబ్బు చెల్లిస్తుంది, మీ జేబులోంచి పైసా పోదు. ఓటర్లకు నేరుగా పోస్టులో వస్తాయి. ఓటు లేని గ్రీన్‌కార్డు వాళ్లు దరఖాస్తు చేసి తెప్పించుకోవాలి. బెల్వ్యూ, రెడ్‌మండ్‌లలో ఈ పథకం లేదు.

ఇవేవీ కుదరకపోయినా కౌన్సిల్, స్కూలు బోర్డు సమావేశాల్లో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. టైము చాలా తక్కువిస్తారు కాబట్టి రాసుకుని వెళ్లండి.

బ్యాలెట్ నింపడంలో ఎక్కువగా జరిగే తప్పులేంటి?

సంతకం. మిగతావన్నీ దాని తర్వాతే.

కవరు వెనక మీరు పెట్టిన సంతకాన్ని ఫైల్లో ఉన్నదానితో పోల్చి చూస్తారు. మనవాళ్లలో చాలామంది ఫైల్లో ఉన్న సంతకం లైసెన్సు ఆఫీసులో చిన్న ప్యాడ్ మీద వంకరగా గీసింది. కవరు మీద తీరిగ్గా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాస్తే రెండూ కలవవు. లైసెన్సు తీసి పక్కన పెట్టుకుని అలాగే పెట్టండి. భార్యాభర్తల కవర్లు తారుమారవడం ఇంకో మామూలు తప్పు. ఒకే బల్ల మీద ఇద్దరూ నింపితే సంతకానికి ముందు కవరు మీది పేరు చూసుకోవాలి. ఊళ్లో లేని భర్త తరఫున భార్య సంతకం పెట్టడం కుదరదు, పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నా సరే.

సంతకం లేకపోయినా కలవకపోయినా ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. అందులోని ఫారం నింపి పంపితే ఓటు బతుకుతుంది. కౌంటీ ఫలితాలను ధ్రువీకరించేది సాధారణ ఎన్నికకు 21 రోజుల తర్వాత, దానికి ముందు రోజుకల్లా ఫారం చేరాలి. ప్రకటనల కాగితాలతో కలిపి ఆ ఉత్తరాన్ని రీసైక్లింగ్‌లో పడేయకండి. కౌంటీ వెబ్‌సైట్‌లో బ్యాలెట్ ట్రాకర్ చూస్తే సంతకం ఆమోదించారో లేదో తెలిసిపోతుంది.

నల్ల సిరా వాడండి, గడి మొత్తం నింపండి. తప్పు గడి నింపితే ఆ పేరంతా అడ్డంగా కొట్టేసి సరైనది నింపాలి. వైట్‌నర్ వద్దు. బ్యాలెట్ పోయినా, దాని మీద కాఫీ ఒలికినా, చిన్నాడు గుమ్మడికాయ బొమ్మ గీసేసినా కొత్తది తెప్పించుకోవచ్చు.

పోస్టులో వేయాలా, డ్రాప్ బాక్సులోనా?

ఎన్నికకు వారం ముందు వరకూ ఏదైనా ఒకటే, స్టాంపు అక్కర్లేదు. ఆ తర్వాత మాత్రం డ్రాప్ బాక్సే. పోస్టులో వేస్తే ఎన్నిక తేదీ లోపు పోస్టుమార్కు పడాలి. సాయంత్రం చివరి కలెక్షన్ తర్వాత డబ్బాలో పడ్డ కవరుకు ఆ రోజు ముద్ర పడదు. సార్టింగ్ కేంద్రానికి వెళ్లాక వేసే ముద్రకు ఇంకా ఆలస్యం కావచ్చు. డ్రాప్ బాక్సులు రాత్రీపగలూ తెరిచే ఉంటాయి, ఎన్నిక రోజు సరిగ్గా రాత్రి 8కి మూసేస్తారు.

చాలా బాక్సులు లైబ్రరీ, కమ్యూనిటీ సెంటర్ల దగ్గరే. అక్కడే హాలోవీన్ కార్యక్రమాలూ పెడతారు, కాబట్టి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడే పని అయిపోతుంది. మీరు సంతకం చేసి అంటించిన కవరును పిల్ల చేత వేయించొచ్చు. బాక్సుకు 25 అడుగుల లోపు ప్రచారం నిషిద్ధం. అభ్యర్థి పేరున్న టీషర్టునే వేషంగా వేసుకొచ్చి ఫొటో దిగాలనుకునే ఉత్సాహవంతులు కాస్త దూరం పాటించాలి.

మా అమ్మగారికి పౌరసత్వం వచ్చింది, తెలుగే చదువుతారు. ఆవిడ బ్యాలెట్ నేను నింపొచ్చా?

ఇంగ్లీషు చదవలేనివాళ్లు తమకు నచ్చిన మనిషి సాయం తీసుకోవచ్చని ఫెడరల్ ఓటు హక్కుల చట్టం చెబుతుంది. ఆ మనిషి ఆవిడ యజమానో, యూనియన్ ప్రతినిధో కాకూడదు, అంతే. కింగ్ కౌంటీ చైనీస్, కొరియన్, వియత్నామీస్, స్పానిష్ లాంటి భాషల్లో బ్యాలెట్ ఇస్తుంది, తెలుగు లేదు. మీరు చదివి వినిపించొచ్చు, చెప్పిన గడి నింపొచ్చు. ఎవరికి వేయాలన్నది ఆవిడదే. సంతకమూ ఆవిడే పెట్టాలి, తెలుగులో పెట్టినా ఫైల్లో ఉన్నది తెలుగైతే ఇబ్బంది లేదు.

స్కూలు లెవీకి, బాండుకి తేడా ఏంటి?

లెవీ కొన్నేళ్ల పాటు వసూలు చేసే ఆస్తిపన్ను, సగం కన్నా ఒక్క ఓటు ఎక్కువొస్తే నెగ్గుతుంది. బాండు అప్పు, ఎక్కువగా కొత్త భవనాలకు. దానికి 60 శాతం ఓట్లు కావాలి. పైగా ఓటేసినవాళ్ల సంఖ్య గత సాధారణ ఎన్నికలో ఓటేసినవాళ్లలో కనీసం 40 శాతం ఉండాలి. 58 శాతం మంది అవునన్నా స్కూలు కట్టకపోవడానికి కారణం ఇదే. ఇవి తరచుగా ఫిబ్రవరిలో వస్తాయి. హాలోవీన్ హడావుడి లేని ఆ నెలలో అసలు ఎన్నిక ఉందనే ఎవరికీ గుర్తుండదు.

ట్రిక్ ఆర్ ట్రీట్ రోజున అభ్యర్థి వచ్చి చాక్లెట్‌తో కరపత్రం ఇస్తే?

తప్పేం కాదు, మర్యాద కూడా కాదు. వ్యాపార వీధుల్లో మధ్యాహ్నం జరిగే ట్రిక్ ఆర్ ట్రీట్‌లలో అభ్యర్థులు నిలబడటం మామూలే. అలాంటిచోట దొరికితే ‘మా వీధికి ఫుట్‌పాత్ ఎప్పుడు’ లాంటి సూటి ప్రశ్న ఒకటి వేయండి. జవాబిచ్చే తీరులోనే చాలా తెలుస్తుంది. ఇంటి తలుపుకు కరపత్రం తగిలించొచ్చు గానీ మెయిల్‌బాక్సులో స్టాంపు లేకుండా వేయకూడదు.

పీటీఏ (స్కూలు తల్లిదండ్రుల, టీచర్ల సంఘం), తెలుగు సంఘం లాంటి పన్ను మినహాయింపు సంస్థలు ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. అందర్నీ పిలిచి చర్చ పెట్టొచ్చు. సంఘం వాట్సాప్ గ్రూపులో కార్యదర్శి హోదాలో ‘ఫలానావారికి వేయండి’ అని పెట్టడం సంస్థకు చేటు.

చాక్లెట్లలో మన శాకాహారుల పిల్లలు ఏవి తినొచ్చు?

ఇంటికొచ్చాక సంచీ బోర్లించి మూడు కుప్పలు చేయండి. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉన్నవి పక్కకు: హరిబో లాంటి గమ్మీలు, మార్ష్‌మాలోలు, స్టార్‌బర్‌స్ట్, క్యాండీ కార్న్. గుడ్డు తిననివాళ్లు స్నికర్స్, మిల్కీ వే, త్రీ మస్కటీర్స్ కూడా తీసేయాలి. ఇక్కడ అమ్మేవాటిలో గుడ్డు తెల్లసొన ఉంటుంది, ఇది తెలియక ఏళ్ల తరబడి తింటున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. మిగిలేవాటిలో కిట్‌క్యాట్, హెర్షీస్, స్కిటిల్స్, సోర్ ప్యాచ్ కిడ్స్‌లో ఈ రెండూ లేవు. ఒకే పేరుతో వచ్చే చిన్న సైజులో, పండగ ఆకారాల్లో పదార్థాలు మారొచ్చు కాబట్టి పల్లీ ఎలర్జీ ఉన్న పిల్లలకు కవరు వెనక చదవనిదే ఇవ్వకండి.

మీరు పంచేవాళ్లయితే ఇంట్లో చేసిన సున్నుండలు, లడ్డూలు ఎంత బాగున్నా వద్దు. కట్టిన ప్యాకెట్ కానిది ఇక్కడివాళ్లు పిల్లల్ని తిననివ్వరు. గుమ్మం ముందు నీలిపచ్చ రంగు గుమ్మడికాయ పెడితే పెన్సిళ్లు, స్టిక్కర్ల లాంటి తినేవి కానివి కూడా ఇస్తామని గుర్తు.

చాక్లెట్లలో బ్లేడ్లు, విషం పెడతారంటారు. నిజమా?

సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ జల్లెడ పట్టారు. ముక్కూముఖం తెలియనివాళ్లు పంచిన మిఠాయితో పిల్లలు చనిపోయిన ఘటన ఒక్కటీ దొరకలేదు. 1974లో టెక్సాస్‌లో పిల్లాడు చనిపోయింది సొంత తండ్రి ఇచ్చిన విషంతో. అసలు భయపడాల్సింది కార్లకు. 42 ఏళ్ల ప్రమాదాల లెక్కలు తీసిన ఒక అధ్యయనంలో హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాల ముప్పు మామూలు సాయంత్రాల కన్నా 43 శాతం ఎక్కువని తేలింది.

సియాటెల్‌లో ఆ రోజు సూర్యాస్తమయం 6కి కొన్ని నిమిషాల ముందే, వాన పడే అవకాశం ఎక్కువ. వేషం కొనేటప్పుడే ఒక సైజు పెద్దది తీసుకుని లోపల వాన జాకెట్ వేయండి. అంచు చీలమండ పైకి ఉండేలా మడిచి కుట్టండి. ముఖానికి మాస్కు బదులు రంగు పూయండి, పక్కచూపు అడ్డం రాదు. పిల్ల చేతికి టార్చి ఇచ్చే బదులు సంచీకి రిఫ్లెక్టివ్ టేపు అంటించండి: టార్చి పదో ఇంటికల్లా మీ చేతికే వస్తుంది. వీధిని పాము మెలికల్లా దాటకుండా ఒక వైపంతా పూర్తిచేసి, కూడలిలో దాటి రెండో వైపు రండి.

వీధిని కార్లకు మూసేసుకోవచ్చా? దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలి?

సియాటెల్ రవాణా శాఖ హాలోవీన్‌కు ‘ట్రిక్ ఆర్ స్ట్రీట్’ పేరుతో ఉచిత అనుమతి ఇస్తుంది. ప్రధాన రోడ్లకు, బస్సు రూట్లకు కుదరదు. కూడళ్లు వదిలేసి ఒక బ్లాకు మూయాలి. దరఖాస్తు ముందుగా పెట్టి, బ్లాకులో ఇరుగుపొరుగుకు చెప్పాలి. అడ్డంగా పెట్టే బోర్డు దగ్గర పెద్దవాళ్లు ఒకరుండాలి, ఎందుకంటే డెలివరీ వాళ్లు దాన్ని జరిపి లోపలికొచ్చేస్తారు.

వీధి దీపమైతే నగర విద్యుత్ సంస్థ సిటీ లైట్‌కు, ఫుట్‌పాత్, గుంతలైతే రవాణా శాఖకు. రెండిటికీ ‘ఫైండ్ ఇట్, ఫిక్స్ ఇట్’ యాప్ సరిపోతుంది. స్తంభానికి కొట్టిన చిన్న పలక మీద నంబరుంటుంది, అది ఫొటో తీసి పెట్టండి. నంబరు లేకుండా ‘మా ఇంటి ఎదురుగా’ అని రాసిన ఫిర్యాదు తిరిగి తిరిగి వస్తుంది. ఫుట్‌పాతే లేకపోతే మాత్రం యాప్ వల్ల ఏమీ కాదు. 85వ వీధికి ఉత్తరాన ఉన్న పేటలు 1954 ప్రాంతంలో నగరంలో కలిసేటప్పటికే చాలాచోట్ల ఫుట్‌పాత్‌లు లేవు, ఇప్పటికీ అనేక వీధులు అలాగే ఉన్నాయి. అక్కడ కట్టాలంటే 2024 నవంబరులో ఆమోదించిన 155 కోట్ల డాలర్ల రవాణా లెవీ లాంటి నిధి కావాలి. దాన్లో మీ వీధి వంతు ఎప్పుడన్నది మీ డిస్ట్రిక్టు కౌన్సిల్ సభ్యుల ఆఫీసుకు ఈమెయిల్ రాసి అడగాలి. వీధి పేరు, రెండు చివరల కూడళ్లు, దగ్గర్లోని స్కూలు పేరు రాస్తే జవాబు త్వరగా వస్తుంది.

2027లో ఏం మారుతోంది?

సియాటెల్ ఆగస్టు ప్రైమరీలో ఒకరికే ఓటు కాకుండా నచ్చినవాళ్లకు వరసగా ర్యాంకులిచ్చే పద్ధతి వస్తోంది. 2022 నవంబరులో ఓటర్లు ఒప్పుకున్నది ఇదే. నవంబరు పోటీ ఎప్పటిలా ఇద్దరి మధ్యే. అదే 2022లో కింగ్ కౌంటీ పదవుల ఎన్నికలను సరిసంఖ్య సంవత్సరాలకు మార్చారు, కాబట్టి కౌంటీ ఎగ్జిక్యూటివ్ పోటీ ఇక 2028లో.

ఎన్నిక రాత్రి ఫలితం తేలకపోతే?

తేలదు, తేలాలని ఎదురుచూడకండి. 8 దాటిన కాసేపటికి వచ్చేది ముందుగా చేరిన బ్యాలెట్ల లెక్క మాత్రమే. చివరి రోజుల్లో బాక్సుల్లో పడ్డవి రోజూ మధ్యాహ్నం కొన్ని కొన్ని కలుపుతారు, దగ్గరి పోటీల్లో ఆధిక్యం తారుమారవుతుంది కూడా.

గుమ్మడికాయలు, యార్డు సైన్లు (ఇంటి ముందు పాతే ప్రచార బోర్డులు) ఏం చేయాలి?

చెక్కిన గుమ్మడికాయలోంచి కొవ్వొత్తి, ఎల్ఈడీ దీపం తీసేసి తిండి వ్యర్థాల కార్టులో వేయండి. రంగో, మెరుపుపొడో పూసింది మాత్రం చెత్తలోకే. ఓడినా గెలిచినా సైన్లు మళ్లీ వాడుకుంటారు కాబట్టి ప్రచార ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. ఎవరూ అడక్కపోతే ఇనుప కమ్మీలు పీకి ఉంచుకోండి, వచ్చే వేసవిలో టమాటా మొక్కలకు ఊతకర్రలుగా బాగా పనికొస్తాయి.